ఒకే రాత్రి ముగ్గురు తలుపు తట్టారు: వెల్లూరు డాక్టరమ్మ ఐడా స్కడర్ జీవితం

ధర్మవరం జంక్షన్ నుంచి కదిరి, మదనపల్లె రోడ్డు, పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైలు దారి మన ప్రాంతపు రోగులకు బాగా ఎరుకైన దారి. అంతుపట్టని జబ్బు వస్తే హిందూపురం, పెనుకొండ వైపువారు ఎక్కువగా బెంగుళూరు బస్సు ఎక్కుతారు. అక్కడా తేలకపోతే మూటాముల్లె సర్దుకుని కాట్పాడిలో దిగి, పాలారు వంతెన దాటి, వెల్లూరు పెద్దాసుపత్రి ముందు చీటీ కోసం నిలబడతారు. ఆ వూరిని రాయవేలూరు అని పిలిచే ముసలివాళ్ళు మన పల్లెల్లో ఇంకా వున్నారు.

అలా వెళ్ళివచ్చినవారు అక్కడ చేసిన పరీక్షల సంగతి, రాసిన మందుల సంగతి చెబుతారు. ఆ ఆసుపత్రి మొదట ఆడవాళ్ళ కోసమే పుట్టిందని మాత్రం చాలామందికి తెలియదు. మగ డాక్టరును పురిటి గదిలోకి రానివ్వక ఆడవాళ్ళు చచ్చిపోతుంటే చూడలేక ఒక యువతి దానికి పునాది వేసింది. ఆమె ఐడా స్కడర్. ఆమె చనిపోయి 60 ఏళ్ళు దాటింది.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. రాణిపేట వెల్లూరుకు దగ్గరలోనే వుంది. తాత జాన్ స్కడర్ అమెరికాలో డాక్టరు. ఆ పని వదులుకుని 1819లో మిషనరీ వైద్యుడుగా సింహళానికి ఓడ ఎక్కాడు. తర్వాత మద్రాసు చేరాడు. ఆయన కొడుకులు, మనవలు చాలామంది ఈ ప్రాంతంలోనే మత ప్రచారం, వైద్యం చేస్తూ వుండిపోయారు. ఐడా తండ్రి వారిలో ఒకరు. ఆయన పేరు కూడా జాన్ స్కడరే. అన్నదమ్ముల మధ్య ఐడా ఒక్కతే ఆడపిల్ల.

మన పెద్దల నోట ధాతు కరువుగా నిలిచిపోయిన 1876-78 కరువు వచ్చినప్పుడు ఆ పిల్లకు ఆరేడేళ్ళు. దత్త మండలాలతో పాటు ఆర్కాటు జిల్లాలను కూడా ఆ కరువు ఊడ్చేసింది. ఆకలితో సొమ్మసిల్లిన పిల్లలకు రొట్టె ముక్కలు తినిపించే పని ఆమెకు పెట్టారు. చూసినది మనసులో ముల్లులా దిగబడింది. తర్వాత అమెరికాలో చదువుకునే రోజుల్లో మళ్ళీ ఇండియా మొహం చూడకూడదనీ, ఇంటివారి దారి పట్టకూడదనీ ఆమె గట్టిగా అనుకున్నారు. పెళ్ళి చేసుకుని సుఖంగా ఇల్లు దిద్దుకోవాలన్నది కోరిక. అందులో తప్పేముంది?

తల్లికి జబ్బు చేసిందన్న కబురు మీద 1890లో ఆమె తిరిగి వచ్చారు. తల్లిదండ్రులు అప్పుడు మద్రాసుకు దక్షిణాన తిండివనంలో వున్నారు. తల్లి కోలుకోగానే వెళ్ళిపోవాలనే ఆలోచనతోనే వచ్చారు.

ఆ రాత్రి

1890ల తొలి ఏళ్ళలో ఒక రాత్రి ఐడా తన గదిలో దీపం ముందు కూర్చుని వున్నారు. బయట ఎవరో పిలిచారు. వచ్చినవాడు చదువుకున్న బ్రాహ్మణ యువకుడు. అతని భార్యకు 14 ఏళ్ళ ప్రాయం, తొలి కాన్పు. మంత్రసానులు చేతులెత్తేశారు. అమెరికా నుంచి వచ్చిన అమ్మాయి వుందని విని పరుగున వచ్చాడు. తనకు వైద్యం రాదనీ, తండ్రి మంచి డాక్టరనీ, పిలిస్తే వెంటనే వస్తారనీ ఐడా చెప్పారు. యువకుడు వెనక్కి తగ్గాడు. పరాయి మగవాడు తన భార్య మొహం చూడడమే కూడదు, పురిటి గదిలోకి ఎలా రానిస్తాడు? అంతకంటే ఆమె చావే మేలని చెప్పి చీకట్లో కలిసిపోయాడు.

కొంచెంసేపటికి మళ్ళీ పిలుపు. మొదటి అతనే మనసు మార్చుకుని వచ్చాడేమోనని ఐడా ఆశగా లేచారు. ఈసారి వచ్చినవాడు ఒక ముస్లిం. అతని భార్యదీ అదే కష్టం. తండ్రి పక్కనే వుండి ఆయనే స్వయంగా మాట్లాడినా అతను ఒప్పుకోలేదు. తమ ఇంటి ఆడవాళ్ళను ఇంటి మగవారు తప్ప ఎవరూ చూడకూడదన్నాడు. తెల్లవారే లోపల మూడో మనిషి వచ్చాడు. అతను మరో పై కులం హిందువు. అడిగిందీ అదే, కాదన్నదీ అదే.

పొద్దున ఐడా నౌకరును పంపి ఆ ఇళ్ళ సంగతి కనుక్కోమన్నారు. అప్పటికే శవయాత్ర తప్పెట మోత వీధిలో వినిపిస్తున్నది. ముగ్గురు స్త్రీలూ చనిపోయారు.

ఈ సంగతి ఐడా తర్వాతి కాలంలో దేశదేశాల సభల్లో చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆ భర్తల కులం, మతం కథలో వుంటాయి. చనిపోయిన స్త్రీల పేర్లు వుండవు. వాళ్ళ ఇష్టం ఏమిటో ఎవరైనా లోపలికి వెళ్ళి అడిగారన్న మాట కూడా వుండదు. తలుపు తట్టింది భర్త, వద్దన్నది భర్త. లోపల నొప్పులు పడుతున్న పిల్ల మగ డాక్టరైనా సరే రానిమ్మని అనేదో, సిగ్గుతో వద్దనేదో మనకు తెలిసే దారి లేదు. ఈ కథ చెప్పేవాళ్ళు ఆడవారి సిగ్గు గురించే మాట్లాడతారు. ఆ రాత్రి గుమ్మంలో మాట్లాడింది మగవారి పరువు. ఈ రెండూ ఒకటి కావు.

అట్లని ఆ ముగ్గురినీ తిట్టి వూరుకోవడం కూడా న్యాయం కాదు. భార్య బతకాలని అర్ధరాత్రి పరాయి మతం వారి గుమ్మం తొక్కినవారు వాళ్ళు. ఆ వూళ్ళో వైద్యం తెలిసిన ఒక్క ఆడమనిషి వుండి వుంటే ముగ్గురూ చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవారు.

గోషా అంటే ముస్లిం ఇళ్ళ సంగతేనని కొందరు అనుకుంటారు. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో పై కులాల ఇళ్ళలోనూ ఆ కట్టుబాటు వుండేది. పొలం పనికి పోయే ఆడవాళ్ళకు గోషా లేదు గాని, వాళ్ళ పురిటింట్లోకీ మగవాడు అడుగు పెట్టేవాడు కాదు. తిండివనం అయినా పెనుకొండ అయినా కాన్పు మంత్రసాని చేతి మీదే జరిగేది. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా ఆమెకు తెలిసిన ఉపాయాలు కొద్ది.

పట్నాల్లో కొంత కదలిక అప్పటికే వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకున్నది. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ ఒక ఇంగ్లీషు లాయరు భార్య. మగ డాక్టరు దగ్గరికి పోలేని ఆడవాళ్ళ అవస్థ చూసే ఆమె చదువుకు దిగారు. ఆమె పూనికతో 1885లో మద్రాసులో ఆడవారి ఆసుపత్రి వెలిసింది. ఇప్పటి కస్తూరిబా గాంధీ ఆసుపత్రి అదే. ట్రిప్లికేన్ జనం దాన్ని గోషా ఆసుపత్రి అనే పిలుస్తూ వచ్చారు. మన తెలుగు నేల మీద గుంటూరులో అమెరికన్ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో అడుగు పెట్టి, 1898లో ఆడవారికి, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు కోస్తావారికి బాగా తెలుసు. కాని ఎక్కడో పట్నంలో వున్న డాక్టరమ్మ, పల్లెలో నొప్పులు పడుతున్న మనిషికి ఆ రాత్రికి అక్కరకు వస్తుందా?

ఒక గది, ఒక మంచం

తెల్లవారి ఐడా తల్లిదండ్రులతో తాను డాక్టరు చదువుతానని చెప్పారు. 1895లో ఫిలడెల్ఫియాలోని ఆడవారి మెడికల్ కాలేజీలో చేరారు. న్యూయార్కులో కార్నెల్ మెడికల్ కాలేజీ ఆడవారిని చేర్చుకోవడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకున్నారు. అమెరికాలోనే ఆడవారికి డాక్టరు చదువు అప్పుడప్పుడే సులువవుతున్నదన్న మాట. మన దేశాన్ని ఒక్కదాన్నే వెనుకబడిందని అనడానికి లేదు.

వెల్లూరులో ఆడవారి ఆసుపత్రి కట్టడానికి ఆమె చందాలు అడిగారు. షెల్ అనే న్యూయార్కు బ్యాంకరు చనిపోయిన తన భార్య పేరు మీద 10,000 డాలర్లు ఇచ్చారు. 1900లో ఐడా తిరిగి వచ్చారు. పక్కన నిలబడి పని నేర్పుతారనుకున్న తండ్రి ఆ సంవత్సరమే కన్నుమూశారు. బంగళాలో ఒక చిన్న గది, ఒక మంచం, వాటితోనే పని మొదలైంది. తెల్ల దొరసాని, వయసు 30 లోపు, పైగా కత్తి పట్టే మనిషి. జనం మొదట జంకారు. తర్వాత రావడం మొదలై ఆగలేదు. రెండేళ్ళలో 5,000 మంది రోగులను చూశారు. 1902లో 40 మంచాలతో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరిచారు. తిండివనంలో ఆ మూడు చావులు జరిగి అప్పటికి పదేళ్ళు కావస్తున్నది.

ఆసుపత్రికి రాలేని పల్లెవారి కోసం గుడియాత్తం రోడ్డు మీద వారం వారం వెళ్ళేవారు. మొదట ఎద్దుబండి, తర్వాత మోటారు. 1909 ప్రాంతంలో వచ్చిన ఆ ఫ్రెంచి మోటారును చూసి జనం దయ్యం వచ్చిందని పొలాలకు అడ్డంపడి పరుగెత్తారని చెప్పుకుంటారు. చెట్టు కింద మందుల పెట్టె దించేవారు. పుండు కట్టించుకోవడానికి వచ్చినవారు కట్టించుకునేవారు. ఆడవాళ్ళు కొంచెం ఆగి, జనం పలచబడ్డాక, పక్కకు పిలిచి తమ బాధ చెప్పేవారు. మన పల్లెల్లో గర్భసంచి జారినా, తెల్లబట్ట అవుతున్నా ఏళ్ళ తరబడి నోరు విప్పని ఆడవాళ్ళను చూసినవారికి ఆ పక్కకు పిలవడం ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది.

1909లోనే నర్సుల బడి పెట్టారు. ఆ ఆర్కాటు మిషన్ వారే 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి తెరిచారు. మన వైపువారికి అది వెల్లూరు కంటే దగ్గర.

అమ్మాయిల కాలేజీ

ఒక్క మనిషి రాత్రింబవళ్ళు తిరిగినా ఎన్ని పురిటిళ్ళకు పోగలదు? అమెరికా నుంచి డాక్టరమ్మలను ఓడల్లో తెప్పించుకుంటూ పోతే ఎన్నటికీ తీరదని ఐడాకు త్వరగానే తెలిసింది. ఈ దేశపు అమ్మాయిలకే చదువు చెప్పాలి. మద్రాసు ప్రభుత్వపు పెద్ద వైద్యాధికారి ఈ ఆలోచన విని నవ్వుకున్నాడు. ఆరుగురు దొరికితే మొదలుపెట్టుకోమన్నాడు. ఆడపిల్లలను డాక్టరు చదువుకు ఎవరు పంపుతారని ఆయన ఉద్దేశం. దరఖాస్తులు అక్కరకు మించి వచ్చాయి. 1918 ఆగస్టులో వెల్లూరులో ఆడవారి మెడికల్ స్కూలు తెరిచారు. పరీక్షల్లో ఆశ పెట్టుకోవద్దని, మగపిల్లలే అయిదుగురిలో ఒకరు గట్టెక్కడం కష్టమని ఆ అధికారే ముందుగా ఓదార్చాడు. మొదటి ఏటి పరీక్ష రాసిన వెల్లూరు అమ్మాయిలందరూ నెగ్గారు.

ఆ చదువు నాలుగేళ్ళ ఎల్.ఎం.పి. చదువు. 1922 నుంచి ఏటేటా అమ్మాయిలు డాక్టర్లయి బయటికి వచ్చారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సంప్రదాయాన్ని మార్చాలని ఐడా వీధిలో నిలబడి ఉపన్యాసాలు ఇవ్వలేదు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి సిగ్గెందుకని రోగిని నిలదీయలేదు. ఆడవారికి ఆడ డాక్టరు కావాలంటే కావలసినంతమంది ఆడ డాక్టర్లను తయారు చెయ్యడం ఒక్కటే దారి అనుకున్నారు. ఇష్టమున్నవారిని ఎంచుకోండని ఎంత చెప్పినా, ఎంచుకోవడానికి ఇద్దరు లేనప్పుడు ఆ మాటకు అర్థం లేదు కదా.

పెద్ద చిక్కు 1930ల చివర వచ్చిపడింది. ఎల్.ఎం.పి. చదువు ఇక చెల్లదని, ఎం.బి.బి.ఎస్. చెప్పగల కాలేజీలే వుండాలని మద్రాసు ప్రభుత్వం తేల్చింది. అందుకు కావలసిన మంచాలు, ఆచార్యులు, పరికరాలు వెల్లూరులో లేవు. 70 ఏళ్ళ వయసులో ఐడా మళ్ళీ అమెరికా వెళ్ళి వూరూరా తిరిగి డబ్బు పోగు చేశారు. చాలా మిషన్లు కలిస్తే గాని కాలేజీ నిలవదు. మగపిల్లలను కూడా చేర్చుకుంటేనే వాళ్ళు కలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా డబ్బు కూడగట్టి పెట్టిన స్నేహితురాలు లూసీ పీబాడీ దీనికి గట్టిగా అడ్డం తిరిగారు. ఆడవారి కోసం ఆడవారు ఇచ్చిన డబ్బుతో కట్టింది మగవారి చేతికి ఎలా ఇస్తారన్నది ఆమె వాదం. ఆ వాదంలో బలం లేదనలేం. ఐడా చాలాకాలం మనసు చంపుకోలేక, చివరికి ఒప్పుకున్నారు. ఆడపిల్లల డాక్టరు చదువు పూర్తిగా ఆగిపోవడం కంటే అబ్బాయిల పక్కన కూర్చుని చదవడం మేలనుకున్నారు. పాత స్నేహం అక్కడ బీటలు వారింది. 1947లో వెల్లూరు కాలేజీలో మగపిల్లలు చేరారు.

ఆ మరుసటి ఏడు కాలేజీ, ఆసుపత్రి పగ్గాలు ఒక తెలుగు డాక్టరమ్మ చేతికి వచ్చాయి. విశాఖపట్నంలో 1890లో పుట్టిన హిల్డా లాజరస్ ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయురాలు. కాన్పుల వైద్యంలో ఆమెది పెద్ద చేయి. దేశంలోని ఆడ డాక్టర్ల ప్రభుత్వ సర్వీసులో ఆమె అంతకుముందే పేరు పొందారు.

ఐడా పెళ్ళి చేసుకోలేదు. టెన్నిసు అంటే ప్రాణం, పెద్ద వయసులోనూ ఆడేవారు. ఇండియాలో డాక్టర్ ఐడా అని మాత్రమే రాసి పంపిన ఉత్తరం తిన్నగా వెల్లూరుకు చేరిందని చెప్పుకుంటారు. 1946లో బాధ్యతలు అప్పగించి కొడైకెనాల్ కొండ మీది ఇంటికి వెళ్ళిపోయారు. 1960 మేలో అక్కడే 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఇప్పటి మాట

ఆ రాత్రి జరిగి 130 ఏళ్ళు దాటింది. డాక్టరమ్మలు ఇప్పుడు చాలామంది వున్నారు. అయినా మన పల్లె నుంచి వెళ్ళిన మనిషి ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వారికే చూపించుకోవలసి వస్తుంది. స్కానింగు, మూత్రపు గొట్టం వేయడం, కాన్పు ముందు లోపలి పరీక్ష, వీటికి మగవారు ఎదురైతే నోట మాట రాక ఇంటికి తిరిగివచ్చేవారు ఇప్పటికీ వున్నారు. మగవారికి సిగ్గు లేదనుకోవద్దు. మొలలు, వరిబీజం దాచుకుని నర్సమ్మను చూసి పారిపోయే మగవాళ్ళు ప్రతి వూళ్ళోనూ వుంటారు.

చట్టం ఎంతవరకు వచ్చిందో తెలిసి వుండడం మంచిది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారు చేసింది. దాన్ని అమలు చేయమని 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఆడ రోగి పక్కన మరో ఆడమనిషి వుండే హక్కు అందులో వుంది. ఆ ఏర్పాటు చూడవలసింది ఆసుపత్రివారు. లేడీ డాక్టరే కావాలని పట్టుబట్టే హక్కు మాత్రం అందులో లేదు. మగ రోగి సిగ్గు గురించి కూడా ఆ చోట ఒక్క మాట లేదు. చిన్నపిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసుల్లో చట్టం ఇంకా గట్టిగా చెబుతుంది. 2012 పోక్సో చట్టం 27వ సెక్షను ప్రకారం బాధితురాలు ఆడపిల్ల అయితే ఆమెను లేడీ డాక్టరే పరీక్ష చెయ్యాలి. అరెస్టయిన స్త్రీని పరీక్షించేది కూడా లేడీ డాక్టరే అయి వుండాలి, లేదా లేడీ డాక్టరు పర్యవేక్షణలో జరగాలి.

కనుక హిందూపురం వెళ్ళినా, ధర్మవరం వెళ్ళినా, పెనుకొండ వెళ్ళినా చీటీ రాయించుకునే దగ్గరే అడగవచ్చు. లేడీ డాక్టరు ఏ రోజుల్లో వుంటారో ముందుగా తెలుసుకుని ఆ రోజే వెళ్ళవచ్చు. ఆ రోజు దాకా ఆగలేకపోతే పక్కన నర్సమ్మ వుండాలని, లేదా అమ్మనో అత్తనో లోపలికి రానివ్వాలని చెప్పవచ్చు. నెత్తురు పోతున్నప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఆగడానికి వ్యవధి వుండదు. అప్పుడు ఎవరి చేత చూపించుకోవాలన్నది వరండాలో నిలబడినవారు కాక, మంచం మీద వున్న మనిషిని అడిగి చెయ్యాలి. కాన్పుకు ఇంకా నెలలుండగానే, ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు ఆమెను ఈ మాట అడిగి పెట్టుకోవచ్చు.